మీకు తెలుసా? పాత వ్యాను జబ్బు చెవికే దొరుకుతుంది

1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం ఓ పాత షెవర్లె వ్యాను. తిండీ నిద్రా చాలావరకు అందులోనే. నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ. అంత పాత బండిని నెలల తరబడి రోడ్డు మీద నిలబెట్టడమంటే మాటలు కాదు. 1940ల నాటి షెవర్లె ఆరు సిలిండర్ల ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ల అడుగున చెంచాల్లాంటివి ఉండేవి. తిరిగినప్పుడల్లా ఆయిల్ తోడి బేరింగులకు అందించేవి. ఆయిల్ తగ్గిందా, ముందు పోయేది ఆ రాడ్ బేరింగులే.

ఇలాంటి పాత బండిలో వింత శబ్దం వస్తోందంటే అదెంత గట్టిగా ఉందో కాదు, ఎప్పుడొస్తోందో గమనించండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గితే అరిగిన పిస్టన్ మీద అనుమానం. లోడు పడి ఎత్తు ఎక్కేటప్పుడు, మారేడుమిల్లి ఘాట్లో మాదిరిగా, లోతుగా దబదబమంటే బేరింగు. క్లచ్ తొక్కగానే మొదలైతే క్లచ్ బేరింగు. తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్సు వైపు చూడాలి.

వాల్వుల్ని తెరిచే టాపెట్ల శబ్దానికి మరో గుర్తు ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. ఐడ్లింగ్ నిమిషానికి 800 చుట్లయితే, వదులైన ఒక టాపెట్ 400 సార్లే టిక్కుమంటుంది. పైమూత దగ్గర తేలిగ్గా, నింపాదిగా వినిపిస్తే గ్యాప్ సరిచేయించుకుంటే చాలు, ఇంజన్ విప్పనక్కర్లేదు.

రాజమండ్రి షెడ్డులోనైనా ఇంకెక్కడైనా పాతకాలపు మేస్త్రీ చేతిలో ఓ పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంటుంది. కొన ఇంజన్ మీద, పిడి చెవి దగ్గర ఎముక మీద. ఇనుములోంచి గాలిలోకి వచ్చేటప్పుడు శబ్దం చాలా భాగం వెనక్కే మళ్లిపోతుంది. స్క్రూడ్రైవర్ గుండా అయితే నేరుగా ఎముకకే అందుతుంది. అందుకే పక్కపక్క సిలిండర్ల తేడా కూడా తెలుస్తుంది. తిరిగే బెల్టుకీ ఫ్యానుకీ మాత్రం చొక్కా తగలకుండా చూసుకోవాలి.

1987లో బజాజ్ టెంపో తెచ్చిన ట్రావెలర్ లాంటి పాత డీజిల్ వ్యాన్లకు ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఇంజన్ నడుస్తుండగా మేస్త్రీ ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేస్తాడు. డీజిల్ అందక ఆ సిలిండరు మండదు. ఏ నట్టు వదిలితే ఇంజన్ టకటక శబ్దం ఆగిందో దాని నాజిల్‌నే ముందు విప్పి పరీక్షించాలి. కామన్ రైల్ ఇంజన్లకు మాత్రం ఈ పని పొరపాటున కూడా చేయకూడదు. వాటిలో డీజిల్ ఒత్తిడి 1000 బార్లు కూడా దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

దబదబతో పాటు ఆయిల్ లైటు కూడా వెలిగితే మాత్రం ఏ పరీక్షా వద్దు. అక్కడికక్కడే ఇంజన్ ఆపేసి, బండిని లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్లండి.