అమరావతి శిల్పముల చుట్టుచిత్రములు – కాలనిర్ణయము

చెన్నపట్టణపు మ్యూజియమున నుండిన అమరావతీ స్తూపశిల్పములను 1858లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి ఛాయాచిత్రములుగా తీసెను. పిమ్మట ఆ శిల్పములలో పెక్కు లండనునకు తరలిపోయెను. నేటికిని ఎగ్మూరు మ్యూజియమున అమరావతి శిల్పముల పెద్ద సముదాయము కలదు. ట్రైప్ చిత్రములు కదలనివి. నేటి ప్రేక్షకుడో, కంప్యూటరు తెరపై శిల్పమును తానే త్రిప్పి చూడగోరును. శాల నడుమ నిలిచినట్లు నలుదెసలు పరికింపగోరును. మొదటిది వస్తుచిత్రము, రెండవది పరిదృశ్యచిత్రము. వీనికెంత కాలము పట్టునో ముందుగా తెలుపనిదే ఏ మ్యూజియమును దినములు కేటాయింపజాలదు.

కెమెరా నొక్కులను లెక్కించి కాలము చెప్పుట పలువురి పరిపాటి. చిన్న కంచువిగ్రహమును తిరుగుడుపీటపై నుంచి, పదేసి డిగ్రీలకొక చిత్రము తీసినచో 36 అగును. చిత్రమునకు 10 సెకనులైన 6 నిమిషములే! మూడు ఎత్తులనుండి తీసినను 108 చిత్రములు, 18 నిమిషములు. కాని విగ్రహము పీట నడిమికి సరిగా కుదురనిచో తెరపై ఊగులాడును. కంచు దీపపు వెలుగును అద్దమువలె తిరుగగొట్టును. ఈ సర్దుబాటుకే గంట పట్టవచ్చును. తరువాత వెనుకతెరను చేతితో తుడిచివేయవలసివచ్చినచో, చిత్రమునకు 2 నిమిషముల చొప్పున 3 గంటల 36 నిమిషములు! వెనుకతెరకు ముందే సమముగా వెలుగు పట్టించినచో ఈ పనిని చాలవరకు యంత్రమే చేయును. ఆ తొలి గంటను తగ్గింపజూచుట తగదు.

అమరావతి ఫలకముల మాట వేరు. బరువైన సున్నపురాతి ఫలకమును పీటపై త్రిప్పజాలము. కెమెరాయే దాని యెదుట అర్ధవలయముగా నడువవలెను. పదేసి డిగ్రీలకు 19 తావులు మాత్రమే. అయినను ప్రతి తావునను దూరమును, ఎత్తును కొలిచి నిలుపుటకు 3 నిమిషములైన మొత్తము 57 నిమిషములు. చిత్రములు తగ్గెను, కాలము పెరిగెను.

పరిదృశ్యచిత్రమునకు చుట్టు 6, పైకి 1, క్రిందికి 1 చాలును. కిటికీల వెలుగును, మూలల చీకటిని కూడ చూపుటకు ఒక్కొక్కదానిని మూడు వెలుగు మోతాదులలో తీసిన 24. తీయుట కొలది నిమిషముల పనియే. సందర్శకులు నడచుచున్నచో మాత్రము అతుకుల యొద్ద సగము మనిషి మిగులును! వానిని చెరపుటకంటె తలుపులు తెరువక పూర్వమే తీయుట మేలు.

కనుక ముందుగా ఒక ఫలకమును తెరపై కనబడువరకు పూర్తిచేసి చూడవలెను. ఒక్కసారి చేయు పనుల కాలమును, ప్రతి ఫలకమునకు పట్టు కాలమును వేర్వేరుగా వ్రాసికొని, రెండవదానిని ఫలకముల సంఖ్యచే గుణించి మొదటిదానికి కలుపవలెను. లండను బ్రిటిష్ మ్యూజియమునందలి ఫలకములను, ఎగ్మూరు ఫలకములను ఒకే తెరపై ప్రక్కప్రక్కన త్రిప్పదలచినచో కోణములును ఎత్తులును ఒక్కటిగా నుండవలెను. గడువు చాలక ఇచ్చట 15 డిగ్రీల చొప్పున 13 చిత్రములతో ముగించినచో, అచ్చట పదేసి డిగ్రీలకు తీసినవానితో అవి కలియవు; ప్రతి ఫలకము నెదుటను కెమెరాను మరల మొదటి తావునుండి నడిపింపవలసివచ్చును.