తాడు పట్టుకున్నోడి మనసు: పారిశుధ్య శ్రమ, కులం, మానసిక ఆరోగ్యం

మా మేనమామ పద్దెనిమిదేళ్లు డ్రైనేజీ పని చేశాడు. ఆయన గురించి వాడలో ఎవర్ని అడిగినా ఒకటే మాట చెప్పేవాళ్లు, తాగుబోతు అని. మా ఇంట్లో మేమూ అదే అనేవాళ్లం. నాలుగేళ్ల కింద ఆయన్ని ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు మూడు ప్రశ్నలు అడిగాడు. ఎన్నేళ్ల నుంచి తాగుతున్నవు, రోజుకి ఎంత తాగుతవు, ఇంట్లో ఆడోళ్లను కొడతవా. నిద్ర పట్టదనీ, పట్టినా ఉలిక్కిపడి లేస్తాననీ, మూత తీసిన మ్యాన్‌హోల్ కనబడితే కాళ్లు వణుకుతాయనీ మామ చెప్పబోయాడు. అప్పటికే చీటీ రాయడం అయిపోయింది. ఏం పని చేస్తావని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో మూడొందల ఏళ్ల చరిత్ర ఉంది. రోగిని అతని వృత్తి ఏమిటో కూడా అడగాలని మొదట గట్టిగా చెప్పినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. వృత్తి వ్యాధుల మీద ఆయన పుస్తకం 1700లో వచ్చింది. ఆయనకి ఆ ఆలోచన ఎక్కడ తట్టిందో మన చదువుల్లో చెప్పరు. ఆయన ఇంట్లో మరుగుగుంత శుభ్రం చేయడానికి వచ్చిన ఒక పనివాడు ఆదరాబాదరాగా ఎత్తిపోస్తుంటే, ఎందుకంత తొందర అని ఆయన అడిగాడట. ఎక్కువసేపు ఉంటే కళ్లు మండిపోతాయనీ, ఇంటికి పోయి చీకటి గదిలో పడుకుంటే గానీ తగ్గదనీ ఆ మనిషి చెప్పాడు. ఆ పని చేసినవాళ్లు గుడ్డివాళ్లై అడుక్కుతినడం రామజ్జీని తర్వాత చూశాడు. అంటే, ఈనాడు ఇంత పెద్దగా ఎదిగిన వృత్తి వ్యాధుల శాస్త్రానికి మూలం ఒక మలం ఎత్తే మనిషి కళ్లు. ఆ శాస్త్రం ఫ్యాక్టరీకి పోయింది, గనికి పోయింది, ఆఫీసుకి పోయింది. బయల్దేరిన చోటికి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు పని ఒత్తిడి గురించి రాయని పత్రిక లేదు. ప్రతి వ్యాసం పక్కనా కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూచున్న మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మనిషి బాధ అబద్ధమని నేను అనను. మన పిల్లలు కూడా కొందరు ఆ కుర్చీల్లోకి చేరుకున్నారు, వాళ్ల బాధ మనకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని తన వర్గీకరణలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, పనిస్థలానికి సంబంధించిన స్థితి అంది. మంచిదే. నా అడుగు ఒకటే. అలసిపోయి, విసిగిపోయి, ఏదీ పట్టనట్టు అయిపోయిన ఇంజనీరుది బర్నౌట్ అయితే, అదే స్థితిలో ఉన్న సఫాయి మనిషిది బద్ధకమూ తాగుడూ ఎట్లా అయింది?

ఒత్తిడి పెద్ద ఉద్యోగస్తుల జబ్బనే నమ్మకాన్ని కొట్టేసిన అధ్యయనం ఒకటి ఉంది. 1967లో లండన్‌లో సుమారు 18000 మంది మగ ప్రభుత్వ ఉద్యోగుల మీద మొదలైంది. వైట్‌హాల్ అధ్యయనం అంటారు, మైకేల్ మార్మట్ దాన్ని ముందుకు నడిపించాడు. బాధ్యతలు మోసే పై అధికారికే గుండెపోటు ఎక్కువ వస్తుందని లోకం అనుకునేది. లెక్క తీస్తే తలకిందులుగా వచ్చింది. మెట్టు దిగేకొద్దీ చావులు పెరిగాయి. అట్టడుగున ఉన్న బంట్రోతుల్లో గుండెజబ్బు చావులు పై మెట్టు వాళ్లకంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. సిగరెట్లు, రక్తపోటు లాంటివన్నీ లెక్కలో తీసేసినా తేడా పోలేదు. వాళ్లెవరూ ఆకలితో ఉన్నవాళ్లు కాదు, అందరికీ నెల జీతం ఉంది. మెట్టు మీద మెట్టుగా ఉండటమే మనిషిని తినేస్తుందన్న మాట. నిచ్చెన మెట్ల సమాజంలో పుట్టిన మనకి ఇది కొత్త సంగతేం కాదు. కాకపోతే లెక్క చెప్పినవాళ్లు వాళ్లు.

ఎందుకు తినేస్తుంది? అమెరికాలో రాబర్ట్ కారసెక్ 1979లో ఒక వివరణ ఇచ్చాడు. పని భారం ఎక్కువైనంత మాత్రాన మనిషి చెడిపోడు. భారం ఎక్కువై, ఆ పని ఎట్లా చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎప్పుడు ఆపాలి అనే దాంట్లో తన మాటకు చోటు లేనప్పుడు చెడిపోతాడు. తోటివాళ్ల తోడు కూడా లేకపోతే ఇంకా చెడిపోతాడని తర్వాత వచ్చినవాళ్లు కలిపారు.

దీన్ని మా అమ్మ పనికి పెట్టి చూస్తాను. అమ్మ ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడ్చేది. మూడున్నరకి లేచి, వంట చేసి, తెల్లారకముందే హాజరు చెప్పాలి. ఐదు నిమిషాలు లేటయితే జవాను వెనక్కి పంపేవాడు, ఆ రోజు కూలి పోయినట్టే. ఎంత చెత్త ఎత్తాలన్నది ఆమె చేతిలో లేదు, పారేసేవాళ్ల చేతిలో ఉంది. వినాయక చవితి, బతుకమ్మ, పెద్ద లీడరు మీటింగు, అందరికీ పండగైన మర్నాడు ఆమెకి రెండు రోజుల పని. రోడ్డు మీద ఆడమనిషి ఒంటేలుకి పోవడానికి చోటు ఉండేది కాదు, కాబట్టి నీళ్లు తాగేది కాదు. చూడండి, నీళ్లు ఎప్పుడు తాగాలన్నది కూడా తన చేతిలో లేని పని అది. కారసెక్ లెక్కలో ఇంతకంటే కింద గడి ఉండదు.

ఆమెను నిలబెట్టింది మూడోది, తోడు. నలుగురు ఆడోళ్లు ఒక వరసలో ఊడుస్తూ పాడుకునేవాళ్లు, మొగుళ్లని తిట్టుకునేవాళ్లు, జవాను నడకని ఎక్కిరించుకునేవాళ్లు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆ నలుగుర్నీ నాలుగు వార్డులకి విసిరేసేవాళ్లు. అమ్మ తలనొప్పి, గుండె దడ ఎప్పుడు మొదలయ్యాయంటే, ఒంటరిగా ఒక కొత్త కాలనీలో పడ్డ ఏడాది. డాక్టరు బలం మాత్రలు రాశాడు.

జర్మనీ పండితుడు యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ఇంకో లెక్క చెప్పాడు. మనిషి పెట్టే కష్టానికీ తిరిగి వచ్చేదానికీ పొంతన లేనప్పుడు మనసూ గుండే దెబ్బతింటాయి. తిరిగి వచ్చేదంటే ఆయన మూడు చెప్పాడు: జీతం, గౌరవం, ఉద్యోగం ఉంటుందన్న ధీమా. జీతం సంగతి మనకి తెలుసు. ధీమా సంగతి కూడా. హైదరాబాద్‌లో 2015 జూలైలో సఫాయి కార్మికులు సమ్మె చేస్తే ప్రభుత్వం జీతం పెంచింది, వందల మందిని పనిలోంచి తీసేసింది కూడా. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో భయం పెట్టడం అంటే అదే. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పారిశుధ్య కార్మికులకి నెలకి 6000 రూపాయల ఆరోగ్య భత్యం ఇచ్చారు. ఇంటికి వచ్చే డబ్బు కాబట్టి నేను దాన్ని కాదనను. కానీ ఈ పని జబ్బు చేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుని, జబ్బు ఆపడానికి బదులు దానికి నెలవారీ రేటు కట్టడం ఇది. ఆ డబ్బు అప్పులకీ పిల్లల ఫీజులకీ పోతుంది గానీ ఆరోగ్యానికి పోదని వేరే చెప్పాలా?

గౌరవం దగ్గరికి వచ్చేసరికి సీగ్రిస్ట్ లెక్క మన దేశంలో ఆగిపోతుంది. ఆయన లెక్కలో గౌరవం పని దగ్గర దొరికేది, లేదా దొరకనిది. పని అయ్యాక మనిషి ఇంటికి పోతాడు, సేద తీరతాడు, మర్నాటికి కోలుకుంటాడు. ఒత్తిడి శాస్త్రం అంతా ఈ కోలుకోవడం మీద నిలబడింది. మన దగ్గర పని ఇంటిదాకా వెంట వస్తుంది. షిఫ్టు దిగొచ్చు, కులం దిగడానికి షిఫ్టు లేదు. అద్దె ఇల్లు అడిగితే ఏం పని అంటారు. టీ కొట్టులో కాగితం గ్లాసు ఇస్తారు. బళ్లో సారు నన్ను లేపి "మీ అమ్మ మన వీధే ఊడుస్తది గదరా" అన్నప్పుడు క్లాసంతా నవ్వింది. అమ్మకి ఆ సంగతి నేను ఇరవై ఏళ్లు చెప్పలేదు. చెబితే, "నాకప్పుడే తెలుసు బిడ్డా" అంది. ఆ ఇరవై ఏళ్లూ ఇద్దరం ఒకరినొకరం కాపాడుకుంటూ ఒకే బరువు మోశాం. దీన్ని ఏ ప్రశ్నావళిలో ఏ గడిలో నింపుతారు?

ఇది కొందరి సంగతే అనుకునేవాళ్ల కోసం ఒక అంకె. కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్లని నమోదు చేసింది. 2024లో బయటికి వచ్చిన లెక్కలో ఉన్నవాళ్లు సుమారు 38000 మంది. అందులో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఒక్క ఎస్సీలే దాదాపు 69 శాతం. ఇది శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు.

మళ్లీ మామ దగ్గరికి వస్తాను. ఎందుకు తాగుతావని నేను ఒక్కసారే అడిగాను, అదీ నా పరిశోధన కోసం. "తాగకుంటే ముక్కు ఊకోదు బిడ్డా. ముక్కు ఊకున్నా మనసు ఊకోదు" అన్నాడు. పొద్దున్నే పని మొదలుపెట్టకముందు మేస్త్రీయే సీసా తెచ్చిచ్చే రోజులుండేవట. అంటే అది మామ అలవాటు కాకముందు పని సామాను. పార, తాడు, వెదురు బద్ద, సీసా. చేతికి తొడుగులు మాత్రం ఆ లిస్టులో లేవు.

ముక్కు ఊకోవడం దగ్గరే చావు కూడా ఉంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. గాలిలో పది లక్షల భాగాలకి వంద భాగాలు దాటిందంటే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ఇక దిగొచ్చు అనుకున్నప్పుడే అది ఎక్కువై ఉంటుంది. ఐదొందలు దాటితే కొద్ది నిమిషాల్లో మనిషి కూలిపోతాడు, వెయ్యి అయితే ఒకటి రెండు ఊపిరులు చాలు. మత్తు దీన్నేమీ ఆపదు. భయాన్ని ఆపుతుంది, అంతే. దిగనియ్యకుండా చేసే భయమే అసలు కాపాడేది, దాన్నే ముందు చంపుతారు.

పైన తాడు పట్టుకున్నవాడు ఉంటాడు. కిందివాడు పలకకపోతే వాడూ దిగుతాడు. జంట చావులు ఇట్లాగే జరుగుతాయి. హైదరాబాద్ జలమండలి 2017లో 70 మినీ జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది, నడిపే అవకాశం దళితులకే ఇచ్చింది. యంత్రాలు రావాలి, వచ్చాయి. అయినా 2021 ఆగస్టులో అదే నగరంలో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చచ్చిపోయారు. చచ్చినవాళ్ల గురించి రెండు రోజులు పేపర్లు రాస్తాయి. దిగకుండా మిగిలిపోయినవాడి గురించి ఎవరూ రాయరు. మా మామ అట్లా మిగిలినవాడు. తాడు ఆయన చేతిలో ఉంది. మర్నాడు ఇంకో వీధిలో ఇంకో మూత తీయడానికి పోయాడు, ఎందుకంటే పోకపోతే కూలి లేదు. యుద్ధం నుంచి వచ్చిన సైనికుడికి ఇదే వస్తే దానికి ఒక పేరుంది, వైద్యం ఉంది, పింఛను ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఆ పేరుని చేర్చింది కూడా. మన 1923 నాటి పరిహార చట్టం జాబితాలో సీసం, పాదరసం, సిలికా దుమ్ము ఉండేవి, మనసు ఉండేది కాదు.

చట్టాల వరస చూస్తే ఇదే కనబడుతుంది. 1993 చట్టం మరుగుదొడ్లలో చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించింది. 2013 చట్టం మురుగు కాల్వలదాకా వచ్చింది, పునరావాసం అంది. ఒకసారి ఇచ్చే 40000 రూపాయలు, పిల్లల స్కాలర్‌షిప్పు, ఇల్లు, అప్పు, వేరే పని శిక్షణ. ఇరవై ఏళ్లు ఆ పనిలో ఉన్న మనిషి తలలో ఏముందో అడిగే వాక్యం అందులో లేదు. సుప్రీంకోర్టు 2014లో చావుకి 10 లక్షలు అంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది, వైకల్యానికి 10 లక్షలకి తగ్గకుండా ఇవ్వాలంది. మంచి తీర్పు. నిద్ర పోయిన మనిషిది వైకల్యం అవుతుందా అన్న కేసు మన సంఘాల్లో ఎవరైనా వేయాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కులం పేరుతో వివక్ష లేకుండా వైద్యం అందాలని స్పష్టంగా రాసింది. వాదించడానికి ఆ అక్షరాలు ఉన్నాయి.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఆత్మగౌరవం అని మనం చాలా మాట్లాడాం. కొట్టినోడి మీద కేసు పెట్టడం నేర్చుకున్నాం. కానీ మనవాడు కుంగిపోయాడంటే నామోషీగా ఉంటుంది మనకి. పోరాడేవాడు ఏడవకూడదు అనుకుంటాం. సంఘం మీటింగుల్లో జీతం బకాయిల మీద రెండు గంటలు, చేతి తొడుగుల మీద అరగంట, నిద్ర గురించి ఎవడైనా లేచి మాట్లాడితే నవ్వు. నేనూ నవ్వినవాళ్లలో ఒకణ్ణి. ప్రభుత్వం 2022లో టెలి మానస్ అని ఒక ఫోను పెట్టింది, నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. ఫోను జవాను హాజరు పుస్తకాన్ని మార్చదని మిత్రులు అంటారు, నిజమే. అయినా చావాలనిపించిన రాత్రి పుస్తకం మారేదాకా ఆగమని మనిషికి చెప్పలేం. ఆ నంబరు సంఘం గోడ మీద రాసి పెట్టండి. హాజరు పుస్తకం సంగతి పగలు చూసుకుందాం.

పోయిన ఏడాది మామని వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి ముందే నేను చెప్పాను, ఈయన డ్రైనేజీ పని చేశాడు అని. ఆమె కలం కింద పెట్టి, "మీ కళ్ల ముందు ఎవరైనా పోయారా" అని అడిగింది. మామ చాలాసేపు నేల చూశాడు. తర్వాత ఒక పేరు చెప్పాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరం అప్పటిదాకా వినలేదు.

మాత్రలు వేసుకుంటున్నాడు. తాగుడు తగ్గింది, పోలేదు. రాత్రి ఒకటి రెండు గంటలు ఎక్కువ పడుకుంటున్నాడని అత్త చెప్పింది. ఆసుపత్రి కార్డులో వృత్తి అన్న చోట గుమాస్తా కూలి అని రాశాడు. దాన్ని డ్రైనేజీ పని అని దిద్దించడానికి వచ్చే నెల మళ్లీ పోవాలి.