కొండల నడుమ రాత్రి స్వారీ - రేడియో కాపలా

సీలేరు నది మన మన్యం కొండల్లోంచి దూకుతూ వచ్చి శబరిలో కలుస్తుంది. ఆ నదికి అడ్డంగా డొంకరాయి దగ్గర ఆనకట్ట కట్టి 25 మెగావాట్ల విద్యుత్తు తీస్తున్నారు. ఎటు చూసినా కొండ, కొండ వెనక మరో కొండ, మధ్యలో లోయ.

మీరు ఆ జలాశయం ఒడ్డున చేతిలో వాకీటాకీతో నిలబడ్డారనుకుందాం. మీ స్నేహితుడు అలాంటి వాకీటాకీతోనే కొండకు అవతలి పక్క ఉన్నాడు. తిన్నగా కొలిస్తే మీ ఇద్దరి మధ్య మూడు కిలోమీటర్లే. మీరు పిలిచారు. జవాబు లేదు, గరగర శబ్దం తప్ప. పోనీ అతన్ని ఆ కొండ శిఖరం మీదికి ఎక్కమనండి. ఇప్పుడు పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వినిపిస్తాడు! సెట్టు అదే, బ్యాటరీ అదే. మారిందల్లా అతను నిలబడిన చోటు.

కారణం తెలుసుకోవాలంటే తరంగదైర్ఘ్యం లెక్క ఒకటి వెయ్యాలి. 300ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. చేతి సెట్లు ఎక్కువగా 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. 300ను 145తో భాగించండి. రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. ఏ తరంగమైనా తనకంటే మరీ పెద్దది కాని అడ్డును చుట్టి వెళ్లగలదు. గోడ చాటున ఉన్నా అమ్మ కేక మనకు వినబడేది అందుకే. కానీ రెండు మీటర్ల తరంగానికి ఆరేడు వందల మీటర్ల కొండ ఎదురైతే? దీపానికి చెయ్యి అడ్డం పెట్టినట్టే. అవతల నీడ పడుతుంది. లోయ అంటే రేడియోకు ఒక పెద్ద నీడ అన్నమాట. సెల్‌ఫోను కూడా రేడియోయే కనుక దాని కష్టమూ ఇదే.

ఎత్తుకు ఉన్న విలువ కూడా లెక్క కట్టవచ్చు. ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 3.6తో హెచ్చిస్తే చూపు ఎన్ని కిలోమీటర్లు ఆనుతుందో దాదాపుగా తెలుస్తుంది. మైదానంలో నిలబడ్డ మీ కంటి ఎత్తు మీటరున్నర అయితే సుమారు 4.4 కిలోమీటర్లు. 900 మీటర్ల శిఖరం మీది నుంచి అయితే 108 కిలోమీటర్లు! రేడియో తరంగం గాలిలో కొద్దిగా వంగుతుంది కాబట్టి ఇంకాస్త దూరం కూడా పోతుంది.

ఇక గుర్రాల సంగతికి వద్దాం. మన పాడేరు ఏజెన్సీలో గుర్రం మీద బరువులు వేసుకుని సంతకు వెళ్లేవారు ఉన్నారు. రోడ్డు లేని చోట అదే లారీ. అమెరికాలోని కాలిఫోర్నియాలో మాత్రం అలాంటి కొండదారుల్లో ఏటా ఒక పెద్ద పరీక్ష జరుపుతారు. దాని పేరు టెవిస్ కప్. 1955లో వెండెల్ రోబీ అనే ఆయన, ఒకే రోజులో వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, నడవగల గుర్రాలు ఈ కాలంలోనూ ఉన్నాయని చూపించడానికి కొందరు మిత్రులతో సియెరా నెవాడా పర్వతాలు దాటి ఆబర్న్ పట్టణం చేరాడు. అదే ఏటేటా జరిగే స్వారీ అయింది. గడువు 24 గంటలు. తెల్లవారుజామున బయలుదేరినవారు సగం దారిలో ఉండగానే చీకటి పడుతుంది. అందుకే సాధ్యమైనంతవరకు పున్నమి దగ్గరి రోజు చూసి స్వారీ పెడతారు. దారి పొడవునా మినుకుమినుకుమనే రసాయన దీపపు కడ్డీలు వేలాడదీస్తారు. అయినా బయలుదేరిన వారిలో దాదాపు సగం మందే చివరిదాకా వస్తారు. మధ్య మధ్య పశువైద్యులు గుర్రం నాడి చూసి, నడక చూసి, అలసిపోయిందనుకుంటే ఆపేస్తారు. గుర్రం బాగుంటేనే గెలుపు. ఈ నియమం నాకు చాలా నచ్చింది.

అమెరికన్ నది కోసిన లోతైన లోయల్లోంచి రాత్రివేళ ఈ స్వారీ సాగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క అగాధం. గుర్రం కాలు జారితే ఎవరికి తెలుస్తుంది? ఎవరు చెబుతారు? ఇక్కడే హామ్‌లు వస్తారు.

పరీక్ష రాసి ప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది, సరదా కోసం, నేర్చుకోవడం కోసం సొంత రేడియో స్టేషను నడుపుకునేవారిని హామ్‌లంటారు. వీరు డబ్బు తీసుకోకూడదు, వ్యాపార కబుర్లు పంపకూడదు. మన దేశంలో పన్నెండేళ్ల పిల్లలు కూడా ఈ లైసెన్సు సంపాదించారు. స్వారీ రోజున హామ్‌లు ఒక్కొక్క మజిలీలో ఇద్దరు ముగ్గురు చొప్పున సెట్లు, బ్యాటరీలు, కాఫీ ఫ్లాస్కులు పెట్టుకుని కూర్చుంటారు. లోయలోని సెట్టు మాట మరో లోయకు అందదు కదా! అందుకని రెంటికీ కనబడే శిఖరం మీద రిపీటర్ అనే యంత్రాన్ని ఉంచుతారు. అది ఒక పౌనఃపున్యంలో విన్నదాన్ని అదే క్షణంలో మరో పౌనఃపున్యంలో గట్టిగా తిరిగి చెబుతుంది. రెండు పౌనఃపున్యాలు ఎందుకంటారా? ఒకటే అయితే దాని కేక దాని చెవులనే మూసేస్తుంది.

శిఖరం మీద యంత్రం పెట్టే వీలు లేకపోతే? అప్పుడు ఆకాశాన్నే శిఖరంగా వాడుకోవచ్చు. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున అయనోవరణం ఉంది. సూర్యకాంతి వల్ల అక్కడి గాలి అణువులు విడిపోయి ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. రెండు చెట్ల మధ్య బట్టలు ఆరేసే తాడులా ఒక తీగను తక్కువ ఎత్తులో కట్టి, 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని నిట్టనిలువుగా పైకి పంపితే అది ఈ పొరకు తగిలి, చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర జల్లులా కిందికి దిగుతుంది. నీళ్ల గొట్టాన్ని నిలువుగా పైకి పెడితే చుట్టూ తడుస్తుంది చూడండి, అలాగ. కొండ ఎంత ఎత్తయితేనేం, జల్లు పైనుంచి పడుతుంది కదా!

కానీ రాత్రి ఒక చిక్కుంది. పొద్దుగూకాక ఎలక్ట్రాన్లు తిరిగి అణువులతో కలిసిపోతుంటాయి, పొర పలచబడుతుంది. పగలు వెనక్కు తిరిగొచ్చిన 7 మెగాహెర్ట్జ్ తరంగం రాత్రి తరచు దాన్ని చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. దగ్గరి స్టేషను మూగబోతుంది. ఏటవాలుగా వెళ్లిన తరంగం మాత్రం దూరదేశంలో దిగుతుంది. పక్క లోయవాడు వినబడడు, పరాయి దేశంవాడు వినబడతాడు! అందుకే అనుభవజ్ఞుడైన హామ్ చీకటి పడకముందే పొడవాటి తీగ ఒకటి కట్టి ఉంచుకుని 3.6 మెగాహెర్ట్జ్‌కు దిగుతాడు. తీగ పొడవు లెక్క సులువే. 143ను పౌనఃపున్యంతో భాగించండి. 7.1కి సుమారు 20 మీటర్లు, 3.6కి సుమారు 40 మీటర్లు. పున్నమి వెన్నెల గుర్రానికి దారి చూపుతుందే గాని, అయనోవరణానికి దానితో పని లేదు.

యంత్రాల కంటే మాట్లాడే పద్ధతి ముఖ్యం. అందరూ ఒకేసారి మాట్లాడితే అది సంత అవుతుంది. కాబట్టి ఒకరు కంట్రోలుగా ఉంటారు. ఆయన పిలిచినవారే మాట్లాడాలి. అంకెలు విడివిడిగా చెప్పాలి. గరగరలో 'ఇరవై' అన్నా 'అరవై' అన్నా ఒకలాగే వినబడుతుంది. 'రెండు, సున్న' అంటే పొరపాటు రాదు. ఇంగ్లీషు అక్షరాలు బి, డి, పి కూడా అంతే. వాటికి బదులు బ్రావో, డెల్టా, పాపా అంటారు. గాయపడినవారి పేరు గాలిలోకి వదలరు. ఎవరైనా వినవచ్చు కదా! స్వారీ నంబరు మాత్రమే చెబుతారు.

రాత్రంతా హామ్ చేసే అసలు పని విసుగు పుట్టించేంత చిన్నది. ఏ నంబరు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది అని రాసి, కంట్రోలుకు చెప్పడం. ఆ పట్టీ ఎలా ప్రాణం కాపాడుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 47వ నంబరు రౌతు నదీతీరపు మజిలీ నుంచి రాత్రి 9.40కి కదిలింది. తరువాతి మజిలీకి మామూలుగా రెండు గంటల దారి. పన్నెండయినా రాలేదు. ఒక్కరు ఆలస్యమైతే కంగారు లేదు, గుర్రం నెమ్మదిగా నడవచ్చు. కానీ 10 గంటలకు బయలుదేరిన 52వ నంబరు వచ్చేసింది! "దారిలో 47ను దాటారా?" అని కంట్రోలు అడిగించాడు. "లేదు, ఎవరూ కనబడలేదు" అంది ఆమె. అంటే 47 దారి తప్పి ఉండాలి. ఆ వెనక వచ్చిన 58ని కూడా అడిగారు. "పెద్ద మలుపు దగ్గర కింద గుర్రం సకిలింపు వినబడింది" అన్నాడతను. అంతే. 160 కిలోమీటర్ల దారిలో వెతకాల్సిన చోటు ఒక్క మలుపు అయింది. పశువైద్యుడు, తాళ్లు పట్టుకున్న మనుషులు దగ్గరి మజిలీ నుంచి కదిలారు. గంటలు రాయకుండా 'వచ్చారు, పోయారు' అని నోటితో చెప్పుకుని ఉంటే ఈ మలుపు దొరికేదా?

ఈ అలవాటు ఆటలకే పనికొస్తుందనుకోకండి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు మరికొందరితో కలిసి 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లారు. ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడడమే వారి ఉద్దేశం. హామ్‌లకు అది పండుగలాంటిది. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది, ఫోన్లు మూగబోయాయి. సరదా కోసం తెచ్చిన ఆ సెట్లే, ఆ ఏరియళ్లే పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు పంపే సాధనాలయ్యాయి. అప్పటిదాకా పలకరింపులు రాసిన పుస్తకంలో బతికి ఉన్నవారి కబుర్లు రాయవలసి వచ్చింది.

అయనోవరణం రాత్రిపూట మారుతుందని నా మాట నమ్మనక్కరలేదు, మీరే చూడవచ్చు. ఇంట్లో మీడియం వేవ్ ఉన్న ట్రాన్సిస్టరు ఉంటే మధ్యాహ్నం ఒకసారి ముల్లును ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పి, ఎన్ని స్టేషన్లు వినబడ్డాయో రాసుకోండి. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ తిప్పండి. తెలియని భాషలు కూడా పలుకుతాయి. పగటిపూట ఈ తరంగాలను మింగేసే కింది పొర రాత్రి మాయమవడమే దీనికి కారణం. ట్యూబులైటు ఆపేసి వింటే గరగర తగ్గుతుంది. స్టేషను పేరు తెలియకపోయినా సమయం మాత్రం తప్పకుండా రాయండి.