చెవులకు సుఖమా... పాటకు న్యాయమా?

పాట బాగుంటే ఈలలన్నీ హీరోకి! మాట వినపడకపోతే తిట్లన్నీ సౌండ్ ఇంజనీరుకి! ఇప్పుడా ఇంజనీరు మద్రాసులోనో, హైదరాబాదులోనో ఉండక్కర్లేదు. నంద్యాల మిద్దె గదుల్లో మన కుర్రాళ్లే ల్యాప్‌టాప్ ముందేసుకుని షార్ట్ ఫిల్ములు మిక్స్ చేసేస్తున్నారు. చిక్కల్లా తలకు తగిలించుకునే హెడ్‌ఫోను దగ్గరే!

ఆళ్లగడ్డ రాతి శిల్పుల మీద చిన్న చిత్రం తీసిన ఓ కుర్రాణ్ణి ఈమధ్య నంద్యాలలో కలిశాను. అందులో మాట్లాడే శిల్పి అతని తండ్రే. మామూలుగా పాటలు వినే హెడ్‌ఫోనుతోనే మిక్స్ చేశాడు. చెవిలో బ్రహ్మాండం! ఇంట్లో టీవీలో వేస్తే ఉలి చప్పుడే మోగింది. "మా నాయన మాటే వినపడల్యా అన్నా!" అన్నాడు దిగులుగా.

ఎందుకలా అంటారా? హెడ్‌ఫోనులో మాట చెవి పక్కనే ఉంటుంది. సన్నగా ఉన్నా తెలుస్తుంది. గదిలో ఫ్యాను తిరుగుతుంటే అదే మాట మాయం! పైగా వినోదం కోసం చేసే హెడ్‌ఫోన్లలో చాలావాటికి బేసు కాస్త పెంచి పెడతారు. అది పాటలోనే ఉందనుకుని తగ్గించామా, స్పీకర్లో పాట పీలగా తేలుతుంది. మిక్సింగుకు కావలసింది పొగిడే స్నేహితుడు కాదు, ఉన్నదున్నట్టు చెప్పే స్నేహితుడు. ఆ కుర్రాడు అలాంటిదొకటి అరువు తెచ్చుకుని, తండ్రి మాట పెంచి, ఉలిని తగ్గించి, టీవీలోనూ ఫోనులోనూ విని చూసుకున్నాకే తృప్తిపడ్డాడు.

మరి సుఖం మాటేమిటి? వెనక జాలీ ఉండే 'ఓపెన్ బ్యాక్' రకంలో గాలి ఆడుతుంది. నంద్యాల ఎండల్లో గంటలకొద్దీ మిక్సింగుకు అదే హాయి. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్.డి.600 ఈ రకమే. బరువు 260 గ్రాములు. కానీ 300 ఓమ్‌లది కనుక మంచి యాంప్లిఫయర్ అడుగుతుంది. ఆళ్లగడ్డలో రాయి కోసే మిషన్ల పక్కన రికార్డు చేయాలంటే మాత్రం అది పనికిరాదు. బయటి చప్పుడు ఆపే 'క్లోజ్డ్ బ్యాక్' కావాలి. 1991 నాటి సోనీ ఎం.డి.ఆర్.7506 అలాంటిదే. చెవులు చెమర్చడం దాంతో తప్పదు!

నంద్యాల - ఆళ్లగడ్డ బస్సులో పాటలు వినడానికైతే నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ భేష్. రొద తగ్గుతుంది గనుక వాల్యూం పెంచే పని లేదు. దాంతో మిక్సింగ్ చేస్తేనే తంటా... శబ్దం ఆలస్యంగా వచ్చి, పెదవి ఒకచోట, మాట ఒకచోట!

ఏది కొన్నా షాపులో అరగంట పెట్టుకుని చూడండి. కళ్లద్దాలుంటే వాటితోనే! కణతలు నొక్కేస్తుంటే వద్దు. మెత్తలు మార్చుకునే వీలుందో లేదో అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. మూడు పెరిగితే ఆ సమయం సగమే!

జేబు బరువు ఎలాగూ చూసుకుంటారు... తలమీద బరువు కూడా చూసుకోండి. హెడ్‌ఫోను పోతే మరోటి కొనొచ్చు. చెవులు ఏ షాపులోనూ దొరకవు కదా!