అద్దె ఇంటి గోడలకు ఏ రంగు?

రంజాన్ మాసం సమీపిస్తున్నదంటే మన వాడలలో సున్నం, రంగుల పనులు ఊపందుకుంటాయి. సొంత ఇంటివారికి నిర్ణయం తేలిక. తమకు నచ్చిన రంగు తాము వేయించుకుంటారు. అద్దెకిచ్చే ఇంటి సంగతి వేరు. ఖర్చు పెట్టేవారు ఒకరు, ఆ నాలుగు గోడల నడుమ పిల్లాపాపలతో బతికేవారు మరొకరు. కనుక ఇంటి యజమాని రంగు ఎంచుకోవడమంటే, తానింకా ఎరుగని ఒక కుటుంబం మేలు కోరి ఆలోచించడమే అని మేము భావిస్తున్నాము.

మొదట వెలుతురు సంగతి చూద్దాం. హైదరాబాదు పాతబస్తీ వంటి చోట్ల ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. చాలా గదులకు ఒకే కిటికీ, అదీ ఇరుకు సందు వైపు ఉంటుంది. అటువంటి గదికి ముదురు రంగు వేస్తే పగలు కూడా దీపం వెలిగించవలసి వస్తుంది. ఆ కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవారే. పైకప్పుకు తెలుపు, గోడలకు మీగడ రంగు, లేత చందనం లేదా దంతపు రంగు వేస్తే లోపలికి వచ్చిన కొద్దిపాటి వెలుతురే గదంతా పరచుకుంటుంది. పడమటి ఎండ నేరుగా పడే గదికి లేత నీలం, లేత ఆకుపచ్చ కంటికి హాయినిస్తాయి. షేడ్ కార్డు చూసి తేల్చుకోవడం మంచిది కాదు. రెండడుగుల మేర గోడపై పూయించి ఉదయం, సాయంత్రం, రాత్రి ట్యూబులైటు కింద చూడాలి. ఒకే రంగు మూడు వేళలలో మూడు విధాలుగా కనిపిస్తుంది.

రంగు ఎంత ముఖ్యమో, దాని రకం కూడా అంతే ముఖ్యం. అద్దె ఇల్లు కదా అని చాలామంది చౌక డిస్టెంపరుతో సరిపెడతారు. అది తడిగుడ్డకు తట్టుకోదు. పిల్లల చేతి ముద్రలు, పెన్సిలు గీతలు, వంటింటి నూనె మరకలు దానిపై చెరగవు. కూలి ఏ రంగుకైనా ఇంచుమించు ఒక్కటే కాబట్టి, కడగడానికి వీలైన ఎమల్షన్ వేయించడమే చివరకు లాభం. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో గోడల విస్తీర్ణం 400 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసివేస్తే ఇంకా తక్కువ. నున్నగా పుట్టీ పెట్టిన గోడకు రెండు పూతలు వేయడానికి సుమారు మూడు, నాలుగు లీటర్లు సరిపోతుంది. మరీ మెరిసే రంగు గోడలోని ఎత్తుపల్లాలన్నింటినీ ఎత్తి చూపుతుంది. కొద్దిపాటి మెరుపు చాలు. గోడలో చెమ్మ ఉంటే ముందు దాని మూలాన్ని కనిపెట్టి బాగు చేయించాలి. చెమ్మపై పూసిన రంగు ఒక్క వానాకాలానికే ఉబ్బి పెచ్చులూడుతుంది.

పిల్లలున్న కుటుంబాలు ఉపేక్షించరాని విషయం మరొకటి ఉంది. అది సీసం. తలుపులకు, కిటికీ ఊచలకు వేసే ఎనామిల్ రంగులలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, నారింజ వంటి నిండు రంగులలో పూర్వం సీసం ఎక్కువగా కలిపేవారు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. సీసం ఇంతవరకైతే ప్రమాదం లేదని చెప్పగల పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. మన దేశంలో 2016లో నియమాలు ప్రకటించి, ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2017 నవంబరు 1 నుంచి అమలు చేస్తున్నారు. డబ్బాపై ఆ వివరం చూసే కొనాలి. పాత ఇంటి తలుపుల రంగును పొడిగా గీకించవద్దు, తడిపి గీకించాలి. ఆ పని జరిగేటప్పుడు పిల్లలను, గర్భవతులను దూరంగా ఉంచి, రాలిన పొడిని చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తుడిచి తీయాలి.

ఇక అసలు తగవు ఇల్లు ఖాళీ చేసే రోజున వస్తుంది. రంగుల ఖర్చు పేరిట ఒక నెల అద్దెను అడ్వాన్సులో కోసుకోవడం మన నగరాలలో ఆనవాయితీగా మారింది. గోడలు ఎలా ఉన్నాయో చూడకుండానే కోత పడుతున్నది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గోడలకు వెల్లవేయడం, తలుపులు, కిటికీలకు రంగు వేయడం యజమాని బాధ్యతల జాబితాలో చేర్చింది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలులోకి వస్తుంది. అయినా అందులోని న్యాయం అందరికీ అర్థమయ్యేదే. కాలం గడిచి వెలిసిన రంగుకు అద్దెకున్నవారు బాధ్యులు కారు. మేకులు దిగగొట్టి పెచ్చులూడగొట్టినా, గోడను పాడుచేసినా ఆ నష్టం వారు భరించాలి. అడ్వాన్సు యజమాని చేతిలోని అమానత్. అందులోనుంచి తీసే ప్రతి రూపాయికీ లెక్క చూపడం ఆయన ధర్మం.

ఈ తగవు రాకుండా చేయడం కష్టమేమీ కాదు. ఇల్లంతటికీ ఒకటి రెండు రంగులే వేయించి, వాటి షేడ్ నంబర్లను అద్దె ఒప్పందంలో రాసుకోవాలి. మిగిలిన రంగును మూత బిగించి ఇంట్లోనే ఉంచితే చిన్న మరకలను కప్పడానికి పనికివస్తుంది. ఇంట చేరిన రోజున ఉభయులూ కలిసి గోడల ఫొటోలు తీసి చెరొక ప్రతి దాచుకోవాలి. రంగుల ఖర్చు ఎవరిదో, ఎన్నేళ్లకొకసారి వేయించాలో ముందే తేల్చుకోవాలి. అప్పుడు తాళంచెవులు తిరిగి ఇచ్చే నాడు మాటామాటా పెరగదు, ఇరుగుపొరుగుగా మిగిలిన బంధమూ చెడదు.