ముంజెలాంటి జెల్లీ – గుండె కబురు
(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, పెనుగొండ)

తాటిముంజె తినని వాళ్ళు మన పెనుగొండ చుట్టుపక్కల ఉంటారా? చేత్తో పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది గాని అందులో ఎక్కువ భాగం నీళ్ళే! వలలా అల్లుకున్న పొడవాటి అణువులు నీటిని కారిపోకుండా పట్టి ఉంచితే ఆ పదార్థాన్ని 'హైడ్రోజెల్' అంటారు. నానిన సబ్జాగింజ చుట్టూ ఉండే జిగురు ఆ జాతిదే. ముంజె కూడా దానికి దగ్గర చుట్టమే.

ఈ జెల్లీ సంగతి నాకు ఆసుపత్రిలో అవసరపడింది. దాళ్వా మాసూళ్ళప్పుడు మా నాన్నగారికి చేలో గుండెదడ వచ్చింది. పట్నం తీసుకువెళ్ళి ఇ.సి.జి. తీయిస్తే అంతా సవ్యంగానే ఉందన్నారు. దడ వచ్చింది చేలో, పరీక్ష జరిగింది మంచం మీద! అందుకని రోజంతా ఒంటిమీద ఉంచుకునే యంత్రం ఒకటి పెట్టారు. నాన్నగారు ఊరుకుంటారా? ధాన్యం బస్తాలు ఎత్తారు. చెమటకి బిళ్ళలు ఊడిపోయాయి.

ఆ బిళ్ళ అడుగున ఉండేదీ ఉప్పు కలిసిన జెల్లీయే. నీటిలో ఉప్పు సోడియం, క్లోరైడు అయాన్లుగా విడిపోతుంది. ఛాతీ మీద గుండె విద్యుత్తు సుమారు 1 మిల్లీవోల్టు మాత్రమే. పొడి చర్మం దాన్ని సరిగా దాటనివ్వదు. ఈ అయాన్లు వంతెన వేస్తాయి.

అయితే మామూలు జెల్లీ లాగితే చిరుగుతుంది. ఒక పోగు తెగితే దాని బరువు పక్క పోగు మీద పడి అదీ తెగుతుంది, కాలవగట్టుకి గండి పడినట్టు! 2003లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం దీనికి ఉపాయం చూపింది. ఒకే జెల్లీలో రెండు వలలు. ఒకటి బిర్రుగా, పెళుసుగా ఉంటుంది. రెండోది వదులుగా సాగుతుంది. లాగినప్పుడు మొదటిది అక్కడక్కడ తెగి దెబ్బ తాను కాస్తుంది. రెండోది మొత్తాన్ని విడిపోకుండా పట్టుకుంటుంది.

2012లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేటును, పాలీఅక్రిలమైడును కలిపి, నూటికి 90 వంతుల దాకా నీరున్నా 20 రెట్లకు పైగా సాగే జెల్లీ చేశారు. అందులో కాల్షియం అయాన్లు కొక్కేల్లా పనిచేస్తాయి. లాగితే ఊడతాయి, విశ్రాంతినిస్తే చాలావరకు మళ్ళీ తగులుకుంటాయి.

సాగడంలో ఇంకో లాభం ఉంది. జెల్లీ ముక్క రెట్టింపు పొడవు సాగితే దాని అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది. కనుక విద్యుత్ నిరోధం 4 రెట్లవుతుంది. ఇంటర్‌లో చదివిన సూత్రమే! ఆ మార్పుని కొలిస్తే వేలు ఎంత వంగిందో, నాడి ఎలా కొట్టుకుంటోందో చెప్పవచ్చు.

మిగిలిన పెద్ద చిక్కు ఎండిపోవడం. గ్లిసరిన్, లిథియం క్లోరైడు వంటివి కలిపి తేమ నిలుపుతున్నారు. కానీ మన మే నెల ఎండ, చెమట, ధాన్యం దుమ్ము, ఇవన్నీ ఒక్కసారే మీద పడితే?

రెండోసారి యంత్రం పెట్టిన రోజు మా అమ్మ నాన్నగారిని గడప దాటనివ్వలేదు. ఆ రోజు దడా రాలేదు! కారణం ఇప్పటికీ తెలియలేదు. మిత్రులారా, చల్లని గదిలో 20 రెట్లు సాగిన జెల్లీ గొప్పదే. చేలో ఒక్క పూట ఊడకుండా నిలిచే జెల్లీ మా ఇంటికి కావాలి. దాన్ని చేసేవాళ్ళు మనలోంచే ఎందుకు రాకూడదు?