స్విచ్చిలో కావలి జాబితా

విశాఖ రేవు గేటు దగ్గర లారీలు ఆగి కాగితాలు చూపించడం మీరు గమనించే ఉంటారు. కంప్యూటర్లను కలిపే స్విచ్చి అనే పెట్టెలోనూ అలాంటి తనిఖీ పెట్టవచ్చు. కంప్యూటర్లు పంపే సమాచారం ప్యాకెట్లు అనే చిన్న పొట్లాలుగా వెళ్తుంది. ప్రతి పొట్లం మీదా పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, సాధారణంగా పోర్టు నంబరూ ఉంటాయి. (ఈ పోర్టుకు మన రేవుతో సంబంధం లేదు. ఇది 0 నుంచి 65,535 వరకు ఉండే ఒక సంఖ్య!)

స్విచ్చి తనకిచ్చిన నియమాల జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. పొట్లానికి సరిపోయిన మొదటి నియమాన్నే పాటిస్తుంది, మిగతావి చూడదు. కాబట్టి వరసే ముఖ్యం. మొదట 'అందరినీ రానివ్వు' అనీ, దాని కింద '445ను ఆపు' అనీ రాశారనుకోండి. రెండో నియమం వంతు ఎన్నటికీ రాదు. తిరగేసి రాస్తేనే 445 ఆగుతుంది.

445నే ఎందుకు చెప్పానంటే, 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ఆ పోర్టు గుండానే దేశదేశాలకు పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఉక్కు కర్మాగారం వంటి పెద్దచోట విభాగాల మధ్య స్విచ్చిలో 445 మూసి ఉంటే, అలాంటి పురుగు పక్క విభాగానికి దాటడం కష్టం. అయితే ఫైళ్లు పంచుకునే పని కూడా ఆ పోర్టులోనే జరుగుతుంది. అందుకని ఫైళ్లున్న సర్వరు చిరునామాకు మాత్రం అనుమతి రాయాలి, అదీ ఆపే నియమానికి పైనే.